వెనక్కి విసిరే కుర్రవాడు

కాల్‌బర్ట్ టెక్ కాలేజీ చేతిలో ఆట పోయిన రోజున ఇమోజీన్ పెట్టస్ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ కుర్చీలో ఆమె భర్త హోయ్ట్ కూర్చునేవాడు. ఉడకబెట్టిన వేరుశనగ కాయలు తింటూ, తొక్కలు కింద పారెయ్యకుండా చొక్కా జేబులో వేసుకుంటూ, ఆట మొత్తంమీద నాలుగు మాటలు మాట్లాడేవాడు. అక్టోబరులో అతను పోయాడు. నవంబరులో ఆట పోయింది. ఊళ్లో జనం రెండో దాని గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. ఇమోజీన్‌కి అదే నయమనిపించింది.

ఆట పోయిన తీరు కూడా అలాంటిది. టాలపిన్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు కంచరగాడిదలు. ఊరికి ఆ పేరంటే ప్రాణం. ఆ శనివారం కంచరగాడిదలు రెండు పాయింట్లు పైన ఉన్నాయి. నిమిషం కూడా మిగల్లేదు. బంతిని కాలితో తన్ని అవతలి కొసకి పంపేస్తే చాలు. తన్నేవాడు చేతులు చాచి, వెనకాల పదిహేను గజాల దూరంలో నిలబడ్డాడు. వాడికి బంతి అందించే పని ఇంకొకడిది. ఆ ఇంకొకడు నడుం వంచి, తలకిందులుగా చూస్తూ, తన కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి విసురుతాడు. ఏడాది పొడుగునా సరిగ్గా విసిరితే వాడి పేరు కన్నతల్లికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు బంతి తన్నేవాడి తలమీదుగా వెళ్లి, కంచరగాడిదల సొంత గీత దాటి దొర్లింది. దానిమీద కాల్‌బర్ట్ వాడొకడు బోర్లా పడ్డాడు. ఆరు పాయింట్లు వాళ్లకి, అంతటితో సరి. విసిరినవాడి పేరు సాయంత్రానికి జిల్లా అంతా తెలిసిపోయింది.

ఇమోజీన్ చేతిసంచి తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచింది.

ఆ ఖాళీ కుర్చీ మామూలు కుర్చీ కాదు. నలభై అయిదో గజం గీతకి ఎదురుగా, నీడ పడే వైపు ఉంటుంది. టాలపిన్‌లో పొలాలు చేతులు మారతాయి, మనుషులు చర్చిలు మారతారు. అలాంటి కుర్చీ మాత్రం మనిషి పోతే తప్ప ఖాళీ కాదు. వచ్చే ఏడాదికి దాన్ని ఎవరి పేర ఉంచాలో మార్చి ఒకటిలోగా కాలేజీ టికెట్ ఆఫీసులో చెప్పాలి. చెప్పకపోతే వాళ్లే ఎవరికో ఇచ్చేస్తారు. హోయ్ట్ మోచెయ్యి ఉండే చోట మరొకరి మోచెయ్యిని తలుచుకోవడానికే ఆమెకి మనసొప్పేది కాదు. ఆ పని రేపు, ఎల్లుండి అనుకుంటూ జనవరి దాకా తెచ్చింది.

ఊళ్లో వాళ్లకి మాత్రం ఆ కుర్చీ మీద తలా ఒక కన్ను ఉంది. బ్యూఫర్డ్ స్టాంప్స్‌కి రెండు కళ్లూ ఉన్నాయి. అతను ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముతాడు. నోట్లో నువ్వుగింజ నానదు. ప్రతి శనివారం మధ్యాహ్నం డాట్ నడిపే కెఫేలో కిటికీ పక్క బల్ల దగ్గర అతనూ, మంగలి పని మానేసిన ముసలి క్లోవిస్ యార్‌బ్రో, ఇమోజీన్ కలిసి భోంచేస్తారు. అంతకుముందు హోయ్ట్ కూడా ఉండేవాడు. పెళ్లయిన ఆడవాళ్లని కూడా మర్యాదకి 'మిస్' అని పిలవడం ఆ ఊరి అలవాటు.

"మిస్ ఇమోజీన్, నా కుర్చీ ఎండ వైపు కదా," అన్నాడు బ్యూఫర్డ్ జనవరిలో ఒక శనివారం, ఎప్పటిలాగే. "సెప్టెంబరు ఆటల్లో మెదడు ఉడికిపోతుందంటే నమ్మండి. డాక్టరు నీడలో కూర్చోమన్నాడు."

"ఏ డాక్టరు?" అంది ఇమోజీన్.

"పశువుల డాక్టరు," అన్నాడు క్లోవిస్, మొక్కజొన్న రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

"నువ్వు నోరు ముయ్యి, క్లోవిస్. మనిషి ఆరోగ్యం గురించి మాట్లాడుతుంటే వేళాకోళమేంటి?"

ఇమోజీన్ నవ్వేసింది. బ్యూఫర్డ్ రెట్టించలేదు. ఆ రోజు ఊరికి అంతకంటే పెద్ద విషయం ఉంది.

నవంబరు దెబ్బకి జట్టు కోచ్ రేడియోలో ఒట్టేశాడు. దేశంలో ఎక్కడున్నా సరే, బంతి వెనక్కి విసిరేవాణ్ణి స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ తెస్తానన్నాడు. ఆ పనికి స్కాలర్‌షిప్ ఇవ్వడం టాలపిన్ ఎన్నడూ వినలేదు. మామూలుగా ఊరు ఏడాదంతా తూకం వేసేది బంతితో పరుగెత్తేవాళ్లని, బంతి విసిరి ఆట నడిపేవాళ్లని. ఇప్పుడు పెట్రోలు బంకు దగ్గరా చర్చి మెట్లమీదా జనం నడుం వంచి, కాళ్ల సందులోంచి కొబ్బరి కేకులు, పాటల పుస్తకాలు, చేతికి ఏది దొరికితే అది వెనక్కి విసురుకుంటూ చర్చించుకోవడం మొదలుపెట్టారు. పాస్టరు గారికి నడుం పట్టేసింది.

దొరికినవాడి పేరు సిలస్ గాథ్‌రైట్. దేశానికి దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరం పిల్లవాడు. కాల్‌బర్ట్ టెక్ కూడా వాణ్ణి అడుగుతోందని తెలియగానే ఊరికి నిద్రపట్టలేదు. బ్యూఫర్డ్ ఎవరెవరినో పట్టుకుని వాడి ఆటల వీడియో కాసెట్ సంపాదించాడు. అందులో అరగంట సేపు కనిపించింది ఒకటే: వంగి ఉన్న ఒక కుర్రవాడి వెనకభాగం. కెమెరా పట్టినవాడు మరీ దగ్గర నుంచి తీశాడు. మొహం ఒక్కసారి కూడా పడలేదు.

"అది మనిషి వెనకభాగం కాదయ్యా, గోదాము తలుపు," అని తీర్పు చెప్పాడు బ్యూఫర్డ్. "మూడు వందల పౌన్లకి ఒక్క ఔన్సు తగ్గడు."

ఆ సిలస్ గాథ్‌రైట్ కాలేజీ చూడడానికి ఇవాళే ఊళ్లోకి వచ్చాడు. భోజనం వేళ దాటుతోంది. టాలపిన్‌లో కొత్తవాళ్లు భోంచేసేది డాట్ దగ్గరే.

ఇక్కడ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. పైకి కాలేజీల సంఘం పెట్టిన నియమమే అయినా, టాలపిన్ దాన్ని మతంలా పాటిస్తుంది. కాలేజీలో చేరబోయే ఆటగాడితో అభిమాని మాట్లాడకూడదు, చెయ్యి కలపకూడదు, బతిమాలకూడదు, గ్లాసు మంచినీళ్లు కూడా ఊరికే ఇవ్వకూడదు. వెనకటికి బ్యూఫర్డ్ బావమరిది ఒక పిల్లవాడికి పంది పక్కటెముకల భోజనం పెట్టించి, కాళ్లకి బూట్లు కొనిచ్చాడు. అది బయటపడి జట్టు రెండేళ్లు శిక్ష అనుభవించింది. ఆ బావమరిది టెక్సస్‌కి పోయి స్థిరపడ్డాడు. అప్పట్నుంచీ ఆటగాడు కెఫేలోకి వస్తే అందరూ మెనూ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకోవడం ఆచారమైంది. చూడొచ్చు గాని చూసినట్టు ఉండకూడదు.

తలుపు గంట మోగింది.

ముందు ఒక నడివయసు స్త్రీ వచ్చింది. నీలం కోటు, గట్టి బూట్లు. ఆమె వెనక తలుపులో వెలుతురు ఒక్కసారిగా మాయమైంది. ఆ వచ్చినవాడు తల వంచి, ఒక భుజం ముందూ మరో భుజం వెనకా పెట్టి లోపలికి దూరాడు. వాడి వెనక ఇంకో పిల్లవాడు, గుండ్రటి భుజాలు, చెవుల దాకా లాక్కున్న ఉన్ని టోపీ, వచ్చి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

కెఫేలో మెనూలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"దేవుడా," అన్నాడు బ్యూఫర్డ్ మెనూ వెనకనుంచి. "గోదాము తలుపే."

ముగ్గురూ పక్క బల్ల దగ్గరే కూర్చున్నారు. పెద్దవాడి కింద కుర్చీ మూలిగింది. డాట్ వాళ్ల దగ్గరికి వెళ్లి బల్లకేసి చూస్తూ నిలబడింది. కొత్తగా వచ్చినవాళ్లకి పెకాన్ గింజల కేకు ముక్క ఊరికే ఇవ్వడం ఆమెకి అలవాటు. ఆ అలవాటును గొంతులోనే నొక్కుకునేసరికి ఆమె మొహం ఎర్రబడింది.

"ఏముందండీ ఇవాళ?" అని అడిగింది ఆ తల్లి.

"ఉన్నవి ఉన్నాయి, లేనివి లేవు," అంది డాట్, గోడకేసి చూస్తూ.

ఎదుటివాళ్ల చెవినపడే దూరంలో ఆటగాడి గురించి మాట్లాడాలంటే ఈ బల్లకి ఒక పద్ధతి ఉంది. సెకండ్‌హ్యాండ్ ట్రక్కు కొంటున్నట్టు మాట్లాడతారు. ఆ పద్ధతి హోయ్ట్ పెట్టిందే. అతను మాట్లాడిన నాలుగు మాటల్లో ఒకటి.

"ఆ ట్రక్కు చూశావా, క్లోవిస్?" అన్నాడు బ్యూఫర్డ్. "ఛాసిస్ చూశావా?"

"చూశాను. పెద్దదే. పెద్ద బండ్లు బురదలో కూరుకుపోతాయి."

"ఎందుకు కూరుకుపోతుంది? ముందు యాక్సిల్ చూడు, మణికట్టు దగ్గర! రెండు చేతులతో పట్టినా అందదు."

"ఆయిల్ తెగ తాగేలా ఉంది," అన్నాడు క్లోవిస్. పెద్దవాడు అప్పటికి మూడో ప్లేటు వేయించిన చేపలు ముందుకు లాక్కుంటున్నాడు.

"తాగనీ! తాగితేనే కదా లాగేది! టీ గ్లాసు ఎలా పట్టుకున్నాడో చూడు. గ్లాసు కనిపిస్తోందా? కనపడదు. ఆ చేతిలో బంతి కోడిగుడ్డు. మిస్ ఇమోజీన్, మీరేమంటారు?"

ఇమోజీన్ అయిదో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతుంది. మనిషిని చూసి మాట అనడానికి తొందరపడదు. "బండి మాట్లాడే తీరు బాగుంది," అంది. "డాట్ ఏది తెచ్చినా 'థాంక్యూ మేడమ్' అంటోంది."

"ఏది? ఆ చిన్న బండేనా అంటున్నది?"

"రెండూ అంటున్నాయి."

"చిన్నదాన్ని వదిలెయ్యండి. అది పెద్దదాని వెనక కట్టుకొచ్చిన ట్రాలీ." బ్యూఫర్డ్‌కి ఆనందం పట్టలేక కాలు బల్ల కింద దరువేస్తోంది. ఆలూ లేదు, చూలూ లేదు అన్నట్టు, ఇంకా సంతకమే పెట్టని కుర్రవాడికి అతను అప్పటికే నాలుగేళ్ల భవిష్యత్తు కట్టేశాడు. "మొదటి ఏడాది కాల్‌బర్ట్ మీద గెలుపు. రెండో ఏడాది న్యూ ఆర్లియన్స్‌లో గెలిచిన జట్లకి పెట్టే పెద్ద ఆట, నేను హోటలు గది ఇప్పుడే మాట్లాడిపెట్టుకోవాలి. మూడో ఏడాది..."

"మూడో ఏడాదికి నువ్వుండవు," అన్నాడు క్లోవిస్. "ఎండకి మెదడు ఉడికి పోతావు."

అవతలి బల్లల మీద కూడా మెనూల వెనక గుసగుసలు పొంగుతున్నాయి. ఎవరో పెద్దవాడి బూటు కొలత పదిహేడన్నారు. ఎవరో పద్దెనిమిదన్నారు. పందెం కూడా వేసుకున్నారు. అడిగి తెలుసుకునే దారి లేదు. ఉన్ని టోపీ పిల్లవాడు మాత్రం చిక్కుడుగింజలు తింటూ, మధ్యమధ్యలో గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు.

భోజనం అయ్యాక ముగ్గురూ బయటికి నడిచారు. కెఫే పక్కనే కంకర పరిచిన పార్కింగ్ స్థలం. కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. పెద్దవాడు కారు ఎక్కి సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు. తల్లి డిక్కీ తెరిచి, తోటపనికి వాడే తోలు చేతితొడుగులు తీసి తొడుక్కుంది. తీరిగ్గా కొలుచుకుంటూ అవతలి కంచె దాకా నడిచి, అక్కడ ఇటు తిరిగి, చేతులు రొమ్ము ఎత్తున పెట్టి నిలబడింది.

ఉన్ని టోపీ పిల్లవాడు బంతి తీశాడు. నడుం వంచాడు.

"ఆ ట్రాలీ ఏం చేస్తోంది?" అన్నాడు బ్యూఫర్డ్.

బంతి పోవడం ఎవరూ చూడలేదు. తల్లి చేతుల్లో 'టప్'మని పడిన చప్పుడు మాత్రం కిటికీ అద్దం దాటి లోపలికి వచ్చింది. ఆమె దాన్ని తిరిగి విసిరింది. వాడు మళ్లీ వంగాడు. టప్. ఆమె చేతులు కుడి తుంటి దగ్గరికి జరిపింది. టప్, అక్కడే. ఎడమకి జరిపింది. అక్కడే. ఆమె పాదం ఒక్క అంగుళం కదల్లేదు. కావాలంటే కళ్లు మూసుకుని పట్టుకునేలా ఉంది.

కెఫేలో గరిటెలు, ఫోర్కులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జనం కుర్చీలు వదిలి కిటికీ దగ్గరికి చేరారు. డాట్ పులుసు గరిటెతోనే వచ్చింది. ఆ పులుసు బ్యూఫర్డ్ భుజం మీద బొట్లు బొట్లుగా పడుతోంది. అతనికి తెలియడం లేదు.

"అయితే మనం ఇంతసేపూ చూసింది..." అన్నాడు.

"డ్రైవర్ని," అన్నాడు క్లోవిస్. అతను టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. తన జీవితంలో ఏ కుర్రవాణ్ణీ ఒక్క మంచి మాట అనని మనిషి. "బ్యూఫర్డ్, ఆ బంతి తిరగడం చూశావా? రంపం పెట్టి గాలిని కోసినట్టు పోతోందయ్యా."

అప్పుడు బయట వంగి ఉన్న పిల్లవాడు, బంతి వేసే ముందు, కాళ్ల సందులోంచే కాస్త పక్కకి చూశాడు. కిటికీ నిండా మొహాలు వాడికి తలకిందులుగా కనిపించాయి కాబోలు. నోరంతా తెరిచి నవ్వాడు.

కెఫే మొత్తం దబ్బున నేలకి వంగింది. మెనూలు అందనివాళ్లు రుమాళ్లు కప్పుకున్నారు. ఎవరి మోకాలో తగిలి టీ జగ్గు దొర్లింది. ఒకళ్లమీద ఒకళ్లు పడి, నవ్వు ఆపుకోలేక, నవ్వితే నియమం తప్పుతుందో లేదో తెలియక, చర్చిలో నవ్వొచ్చిన పిల్లల్లా మెలికలు తిరిగారు. ఇమోజీన్‌కి కళ్లవెంట నీళ్లు వచ్చాయి. అక్టోబరు తరవాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

తలుపు గంట మళ్లీ మోగింది. తల్లి ఒక్కతే లోపలికి వచ్చి, చేతితొడుగులు చంకలో పెట్టుకుని, సరాసరి ఈ బల్ల దగ్గరికే నడిచింది.

"ట్రక్కు బేరం కుదిరిందా?" అంది.

బ్యూఫర్డ్ మెనూ ఎత్తాడు. అది తలకిందులుగా ఉంది.

"కొనే ముందు ఏ ట్రక్కో చూసుకోవాలి కదండీ. ఆ పెద్దది మా అక్క కొడుకు, ఓడెల్. తివాచీలు అమ్ముతాడు. ఫుట్‌బాల్ పెడితే నిద్రపోతాడు." ఆమె ఎవరి అనుమతీ అడక్కుండా ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా పేరు ఆర్నెటా గాథ్‌రైట్. మీరు నాతో మాట్లాడకూడదని కాలేజీవాళ్లు చెప్పారు. మాట్లాడకండి. నేను అడుగుతాను, మీరు తలలు ఊపండి."

ముగ్గురి తలలూ ఊగాయి.

"నవంబరు ఆట నేను టీవీలో చూశాను. తలమీదుగా విసిరాడే, ఆ పిల్లవాడు. ఆ తరవాత ఈ ఊరు వాణ్ణి ఏం చేసింది?"

దానికి తల ఎలా ఊపాలో ఎవరికీ తెలియలేదు. బ్యూఫర్డ్ మెనూ ఇంకా పైకి జరిగింది. ఈ ఒక్క జవాబుతో కుర్రవాడు చేజారిపోతాడని కెఫేలో అందరికీ అర్థమైంది. కాని ఇమోజీన్‌కి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండడం చేతకాదు.

"అరిచింది, మేడమ్," అంది. "చాలా అరిచింది. అనకూడని మాటలు కూడా అంది. మర్నాడు సిగ్గుపడింది."

"సిగ్గుపడి?"

"సిగ్గుపడి, ఈ బ్యూఫర్డ్ ఒక పెకాన్ల సంచి తీసుకెళ్లి ఆ పిల్లవాడి గుమ్మంలో పెట్టి, బెల్లు నొక్కి పారిపోయాడు. కారు లైట్లు ఆర్పడం మరిచిపోయాడు కాబట్టి ఊరందరికీ తెలుసు."

"అది నేను కాదు!" అన్నాడు మెనూ వెనకనుంచి బ్యూఫర్డ్.

"నోరు ముయ్యండి ఇద్దరూ!" క్లోవిస్ గొంతు కీచుమంది. "పెకాన్లు కూడా నియమం తప్పినట్టే! మళ్లీ రెండేళ్లు కూర్చోబెడతారు మనల్ని!"

ఆర్నెటా నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. తరవాత ఇమోజీన్ కేసి తిరిగింది. "మీరూ అరిచారా?"

"లేదు."

"ఎందుకని?"

"అరవడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. నా పక్క కుర్చీ ఖాళీ."

ఆర్నెటా చేతితొడుగులు బల్లమీద పెట్టి వేళ్లు సరిచేసింది. "ఎన్నాళ్లయింది?"

"అక్టోబరులో."

"మా ఆయన పోయి ఎనిమిదేళ్లు. ఈ బంతులు పట్టుకునే పని ఆయనదే. ఆయన పోయిన మూడో రోజున వీడు బంతి చంకలో పెట్టుకుని పెరట్లో ఒక్కడే నిలబడ్డాడు. నేను గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూశాను. సరే, ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా అని వెళ్లాను. మొదటి బంతికి ముక్కు పగిలింది." ఆమె ముక్కు మీద చిన్న వంపు చూపించింది. "ఇప్పటికీ వాడు ఆట మైదానంలో ఉంటే నేను కుదురుగా కూర్చోలేను. చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. పక్కవాళ్లు విసుక్కుంటారు."

"నేను విసుక్కోను," అంది ఇమోజీన్.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. దాని వెనకే మరిన్ని వచ్చేశాయి. "నీడ పడే వైపు, నలభై అయిదో గజం దగ్గర. అక్కణ్ణించి బంతి వెయ్యడం బాగా కనిపిస్తుంది. మీరు గనక వచ్చేట్టయితే, ఆ కుర్చీ నేను మీకు..."

క్లోవిస్ టీ గ్లాసు బల్లమీద బోర్లా పడింది. పడలేదు, పడేశాడు. ఐసుముక్కలు ఇమోజీన్ ఒళ్లోకి జారాయి. అదే సమయంలో బ్యూఫర్డ్‌కి భయంకరమైన దగ్గు పట్టుకుంది. డాట్ వంటింట్లోంచి "ఎవరూ ఏమీ ఇవ్వలేదు! అందరూ విన్నారుగా, ఎవరూ ఏమీ ఇవ్వలేదు!" అని అరుచుకుంటూ తుడిచే గుడ్డతో పరుగెత్తుకొచ్చింది.

ఆర్నెటా లేచి, పడిపడి నవ్వింది. నవ్వుతూనే ఒక ఐసుముక్క తీసి గ్లాసులో వేసింది. "మీరు ఏమీ అనలేదు, నేను ఏమీ వినలేదు," అంది ఇమోజీన్‌తో, మెల్లిగా. "వినుంటే మాత్రం, థాంక్స్ చెప్పేదాన్ని." బిల్లు కట్టి వెళ్లిపోయింది. కారు కదలబోతుంటే ఓడెల్ నిద్రలోంచి లేచి హారన్ కొట్టాడు. వీడ్కోలుకి కొట్టాడో, పొరపాటున కొట్టాడో గాని, కెఫే దాన్ని శుభశకునంగా తీసుకుంది.

"మిస్ ఇమోజీన్," అన్నాడు బ్యూఫర్డ్ చివరికి, దగ్గు తగ్గాక. "క్రిస్మస్‌కి ముందునుంచీ నేను అడుగుతున్నాను. నాకు ఒక్కసారి కూడా 'మీరు గనక వచ్చేట్టయితే' అనలేదు మీరు."

"నువ్వు ముక్కు పగలగొట్టుకురా, అప్పుడు చూద్దాం," అన్నాడు క్లోవిస్.

ఇంటికి నడుస్తుంటే ఇమోజీన్ పావడా చల్లగా కాళ్లకి అంటుకుంటోంది. ఆమెకి అది కూడా నవ్వొచ్చింది. ఆ కుర్చీలో ఇంకొక మనిషిని తలుచుకోవడానికి ఇన్ని నెలలు భయపడింది. ఇవాళ తలుచుకోకుండానే నోరు పిలిచేసింది. అదీ పిలవడానికి వీల్లేని ఒకే ఒక్క మనిషిని. హోయ్ట్ ఉంటే ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదు. జేబులోంచి ఒక వేరుశనగ కాయ తీసి ఆర్నెటాకి ఇవ్వబోయేవాడు. అదీ నియమం తప్పినట్టే.

ఫిబ్రవరి మొదటి బుధవారం ఏ కాలేజీలో చేరేదీ కుర్రవాళ్లు సంతకాలు పెట్టి చెప్పే రోజు. ఆ ఉదయం టాలపిన్ బడిలో పాఠం చెప్పినవాళ్లూ లేరు, విన్నవాళ్లూ లేరు. ఇమోజీన్ భిన్నాలు చెబుతోంది. పిల్లల కళ్లు గోడమీది స్పీకరు పెట్టె మీదే ఉన్నాయి. పది దాటాక అది గురగురమంది. హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయన గొప్ప సంగతి చెప్పే ముందు సవరించుకోవడం ఎక్కువ.

"పిల్లలూ, ఉపాధ్యాయులారా. గల్ఫ్ తీరంలో ఒక హైస్కూల్లో, ఒక బల్లమీద రెండు కాలేజీల టోపీలు పెట్టారట. సిలస్ గాథ్‌రైట్ అనే విద్యార్థి వాటివైపు వీపు పెట్టి నిలబడ్డాడట. వంగి, కాళ్ల సందులోంచి చెయ్యి చాచి, ఒక టోపీ అందుకున్నాడట." ఆయన ఆగాడు. "దానిమీద కంచరగాడిద ఉంది!"

ఆ తరవాత ఆయన ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. ముప్ఫై మంది పిల్లలు ఒకేసారి నడుం వంచి, డస్టర్లూ పెన్సిలు డబ్బాలూ వెనక్కి విసరడం మొదలుపెట్టారు. ఒక భూగోళం బొమ్మ గది చివరి దాకా ఎగిరింది. ఇమోజీన్ ఆగమనలేదు. తన వైపు వచ్చిన డస్టరుకి ఆమె చేతులు వాటంతటవే రొమ్ము ఎత్తుకి లేచాయి. పట్టుకుంది. పొడి మొహాన పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం డాట్ కెఫే నిండిపోయింది. ఉన్నిగుడ్డతో కుట్టిన పొడుగాటి గాడిద చెవులు అందరి తలలమీదా ఊగుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకే కాక పాతవాళ్లకి కూడా డాట్ కేకు ఊరికే పంచిపెట్టింది. ఎవరో రికార్డు పెట్టారు, ఎవరో బల్లెక్కారు. బ్యూఫర్డ్ న్యూ ఆర్లియన్స్ హోటలుకి ఫోన్ చేసి, రెండేళ్ల తరవాతి గదికి బేరమాడుతున్నాడు. క్లోవిస్ మాత్రం మూల కూర్చుని, "వర్షంలో బంతి జారితే?" అని అందరినీ అడుగుతున్నాడు. అతని తలమీద చెవులే అందరికంటే పొడుగ్గా ఉన్నాయి.

శుక్రవారం బడి వదిలాక ఇమోజీన్ కాలేజీ టికెట్ ఆఫీసుకి వెళ్లింది. కిటికీ వెనక అమ్మాయి ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నదే.

"మిస్ పెట్టస్! ఎప్పటిలాగే రెండూ ఉంచమంటారా?"

"రెండూ ఉంచు. హోయ్ట్ పేరు మాత్రం తీసెయ్యాలి. అక్టోబరులో పోయాడు."

ఆ మాట పైకి అనడం ఆమె అనుకున్నంత కష్టం కాలేదు. అనుకున్నంత తేలికా కాలేదు. అమ్మాయి కళ్లు దించుకుని మెల్లిగా అడిగింది. "రెండో కుర్చీ ఎవరి పేర, మేడమ్?"

ఆటగాళ్ల తల్లులకి కాలేజీవాళ్లు వేరే వరసలు ఇస్తారు, ఎండ వైపు. అది ఇమోజీన్‌కి తెలుసు. బ్యూఫర్డ్ అడుగుతున్నాడనీ తెలుసు. క్లోవిస్ ఎన్నడూ అడగలేదనీ తెలుసు.

"మార్చి ఒకటి దాకా టైముంది," అంది అమ్మాయి.

"ఆలోగా వస్తాను," అంది ఇమోజీన్.

హోయ్ట్ పేరు తీసేశారు. ఆ చోట రాయవలసిన పేరు ఆమె ఇంకా చెప్పలేదు.